బాపు చెప్పిన మస్కట్, తమ్ముడు ఉంటున్న దుబాయ్: ఆరు రోజుల ప్రయాణం

మొదటి రోజు, ఆదివారం: దుబాయ్

మా జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు అఆలు రాకముందే దుబాయ్, మస్కట్ అనే పేర్లు వస్తాయి. మా బాపు 1983లో మేస్త్రీ పనికి ఒమన్ పోయాడు. పద్నాలుగేళ్లలో ఇంటికి వచ్చింది ఆరుసార్లే. ఆయన మస్కట్ ముచ్చట్ల నిండా మనుషులే. పని దగ్గరికి ఖర్జూరాలు తెచ్చిచ్చిన ముసలాయన, కొడుకు పెళ్లికి పిలిచిన లారీ డ్రైవరు, కాఫీ పోసి కూర్చోబెట్టిన బడి కావలిదారు. అందరూ అరబ్బులే. ఇప్పుడు మా చిన్నమ్మ కొడుకు ఏడేళ్లుగా దుబాయ్‌లో ఉంటున్నాడు. వాడు ఫోన్ చేస్తే ఓటీ ఎంత పడింది, దిర్హం రేటు ఎంతుంది అన్న మాటలే తప్ప మనుషులు కనపడరు.

దుబాయ్ ఉన్న యూఏఈ (యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్), మస్కట్ ఉన్న ఒమన్, రెండూ ఇరుగుపొరుగు దేశాలు. ఒకటే ఎడారి, ఒకటే భాష, రెండింటినీ నిలబెట్టింది చమురే. మరి ఆ ఇద్దరి మాటల్లో అంత తేడా ఎందుకు? ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే నన్ను ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా వదల్లేదు. జనవరిలో సెలవులు కలిసొచ్చాయి. మా ఆయనా నేనూ బయల్దేరాం.

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు మీద స్టాంపు వేసిన కుర్రాడు కందూరా అనే తెల్లటి పొడుగు అంగీలో ఉన్నాడు, ఎమిరాటీ, అంటే ఆ దేశస్థుడే. ఆ తర్వాత టాక్సీ నడిపింది పాకిస్తాన్ మనిషి, హోటల్ కౌంటర్లో ఫిలిప్పీన్స్ అమ్మాయి, గది ఊడ్చింది నేపాలీ, సాయంత్రం టీ పోసింది మలయాళీ.

తమ్ముడు ఉండేది సోనాపూర్ క్యాంపులో. అది మగవాళ్ల క్యాంపు, నన్ను లోపలికి పంపరు. సెలవు రోజు కాబట్టి వాడే గేటు బయటికొచ్చాడు. గదిలో ఉన్న దోస్తుకు వీడియో కాల్ చేసి నాకు గది మొత్తం చూపించమన్నాడు. మూడు రెండంతస్తుల మంచాలు, ఆరుగురు మనుషులు. ఒక్కో మంచానికి పాత దుప్పటి కుట్టి కట్టుకున్న పరదా. ఆ పరదా వెనకున్నదే వాళ్ల ఇల్లు. తమ్ముడి దిండు పక్కన గోడకు బిడ్డ ఫోటో, దాని కింద మన దగ్గరి బట్టల దుకాణం వాళ్లిచ్చిన తెలుగు క్యాలెండర్. అందులో ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపిన తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

పొద్దున నాలుగున్నరకు బస్సెక్కుతాడు. బేసిక్ 1,100 దిర్హంలు, మన లెక్కన ఇరవై అయిదు వేల చిల్లర. ఓటీ ఉంటే అది పద్నాలుగు వందలు దాటుతుంది. వీసాకని ఊళ్లో ఏజెంటుకు ఎనభై వేలు కట్టి వచ్చాడు. మిత్తితో కలిపి అది తీరేసరికి రెండేళ్లు పట్టింది.

"అరబ్బులు మంచోళ్లేనారా?" అని అడిగాను.

"ఏమో అక్కా. ఏడేండ్ల సంది ఉంటున్న, ఒక్క అరబ్బుతోని మాట్లాడలె. మా ఫోర్‌మన్ మన బిహారాయన, ఇంజినీరు ఈజిప్టాయన, పైన ఎవలున్నరో నాకు తెల్వది."

ఆ మాట రాత్రంతా నా మనసులో తిరిగింది. యూఏఈ మొత్తం జనాభా కోటికి పైనే. అందులో వందకు దాదాపు తొంభై మంది బయటి దేశాల వాళ్లే. సొంత పౌరులు పది లక్షల చిల్లర. మా తమ్ముడికి అరబ్బు ఎదురుపడకపోవడంలో వింతేముంది?

రెండో రోజు, సోమవారం: క్రీక్ ఒడ్డున

క్రీక్ అనే సముద్రపు పాయ దాటి బర్ దుబాయ్ నుంచి డేరాకు అబ్రా పడవ, ఒక్క దిర్హం. బుర్జ్ ఖలీఫా పైకెక్కే టికెట్ కంటే ఈ పడవ మీదే దుబాయ్ బాగా అర్థమవుతుందని నాకనిపించింది. ఈ పాయే దాని మొదటి బతుకుతెరువు. ఒకప్పుడు ముత్యాల వ్యాపారం మీద బతికిన ఊరు ఇది. 1930లలో జపాన్ వాళ్ల పెంపకపు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బకొట్టాయి. అప్పటినుంచి ఓడరేవునే నమ్ముకున్నారు. చమురు పడింది 1966లో, అదీ కొంచెమే. ఆ కొంచెం డబ్బునే రేవుల మీద, రోడ్ల మీద పెట్టారు. 1979లో జెబెల్ అలీ రేవు తెరిచారు. ఈరోజు దుబాయ్ ఆదాయంలో చమురు వాటా నామమాత్రం. అసలు చమురంతా ఇదే దేశంలోని ఇంకో ఎమిరేట్ అబుదాబిది, దేశంలో ఉన్నదాంట్లో వందకు తొంభై పాళ్లకు పైగా అక్కడే ఉంది. 2009లో దుబాయ్ అప్పుల్లో మునిగితే 1,000 కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకున్నదీ అబుదాబే. బుర్జ్ దుబాయ్ అనుకున్న భవనం 2010 జనవరి 4న తెరిచేనాటికి, అబుదాబి పాలకుడి పేరుతో బుర్జ్ ఖలీఫా అయింది.

మనవాళ్లకు పెద్దగా తెలియని ముచ్చట ఒకటుంది. 1966 దాకా ఇక్కడ నడిచింది రూపాయే. మన రిజర్వు బ్యాంకు 1959 నుంచి గల్ఫ్ కోసమని వేరే రంగు నోట్లు అచ్చేసేది. ఒమన్‌లో అయితే అవి 1970 దాకా చెల్లాయి. మన రూపాయి నడిచిన చోటికే మనవాళ్లు ఇప్పుడు దిర్హంల కోసం వస్తున్నారు.

మూడో రోజు, మంగళవారం: అల్ ఐన్

ఘుబైబా బస్టాండ్ నుంచి రెండు గంటల దారి. చుట్టూ ఎర్రమట్టి రంగు ఇసుక దిబ్బలు, మధ్యలో నల్లటి ఆరు వరసల రోడ్డు, రోడ్డుకు రెండువైపులా డ్రిప్ పైపులతో పెంచిన చెట్లు. ఒక్కో చెట్టు మొదట్లో నల్లటి పైపు చుట్టుకుని ఉంది. సముద్రపు నీళ్ల ఉప్పు తీసి తాగే దేశంలో రోడ్డు పక్క చెట్టును బతికించడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో ఆలోచిస్తేనే ఈ దేశపు డబ్బు లోతు తెలుస్తుంది.

అల్ ఐన్ ఒయాసిస్‌లో లక్షా నలభై వేలకు పైగా ఖర్జూర చెట్లున్నాయట. లోపల ఎండ నేల మీద పడదు. చెట్ల మధ్య సన్నటి కాలువలు, వాటినే ఫలజ్ అంటారు. కొండల కింది ఊటను సొరంగంలోంచి, వాలు తప్పకుండా, మైళ్ల దూరం ఊళ్లోకి తెచ్చే పద్ధతి. షేక్ జాయెద్ దేశాధ్యక్షుడు కాకముందు, 1946 నుంచి, ఈ ఊరి పాలన చూసేవాడు. అప్పుడు ఆయన పట్టుబట్టి చేయించిన పని ఈ కాలువల పూడికతీత. చమురు రాకముందు పాలకుడికి పేరు రావాలంటే నీళ్లే దారి.

ఇప్పుడు భూగర్భ జలం కిందికి పోయింది. ఈ కాలువల్లోకి బోర్లతో నీళ్లు తోడి వదులుతున్నారు. ఎండిన చెరువు పక్కన బోరేసుకున్న ఊరినుంచి వచ్చినదాన్ని కదా, ఆ మాట వినగానే గుండె కలుక్కుమంది.

సాయంత్రం కంచె దాకా వెళ్లాం. కంచెకు ఇవతల అల్ ఐన్, అవతల బురైమీ. ఇది అసలు ఒకటే ఒయాసిస్, తొమ్మిది ఊళ్లు. ఆరు అబుదాబికి వచ్చాయి, మూడు ఒమన్‌కు. 1952లో సౌదీ కూడా ఇది నాదేనని మనుషుల్ని పంపింది, 1955లో వాళ్లను వెళ్లగొట్టారు. అయినా జనానికి గీత ఉండేది కాదు. ఇక్కడ కాపురం, అక్కడ కూరగాయల అంగడి. 2000 దాటాక కంచె పడింది. బట్ట ఆరేసుకున్నట్టు ఇటూ అటూ ఒకే రకం ఖర్జూర మట్టలు వాలి ఉన్నాయి.

నాలుగో రోజు, బుధవారం: సరిహద్దు

ఒమన్ ఈ-వీసా ఇంటి దగ్గరే తీసుకున్నాం. మస్కట్ పోయే మువాసలాత్ బస్సు ఎక్కాం. ఖత్మ్ అల్ షిక్లా చెక్‌పోస్టులో దేశం దాటే రుసుము కట్టి, సామాన్లు దింపి, మళ్లీ ఎక్కించి, గంటన్నర టెన్షన్. వరసలో మా ముందున్న కరీంనగర్ పిల్లగాడికి పేపర్లలో ఏదో తేడా వచ్చింది. చెమటలు పట్టాయి వాడికి. మా ఆయన పక్కన నిలబడి ఇంగ్లిషులో మాట్లాడి సర్ది చెప్పాక స్టాంపు పడింది.

బస్సు నడిపింది ఒమానీ. తలమీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీ, చేతికి పాత గడియారం. ఎక్కిన ప్రతివాళ్లకూ సలాం చెప్పాడు. ఎయిర్‌పోర్టు కుర్రాడి తర్వాత, నాలుగు రోజుల్లో నా ఎదుట పనిచేస్తూ కనబడిన సొంత దేశస్థుడు ఈయనే.

హజర్ కొండల మధ్య లోయ దాటి సొహార్ చేరాం. ఇక్కడ రేవు, అల్యూమినియం, ఉక్కు ఫ్యాక్టరీలు. సొహార్‌ను అబుదాబితో కలుపుతూ రైలు మార్గం కూడా వేస్తున్నారు. 2011లో ఈ ఊళ్లోనే ఒమానీ కుర్రాళ్లు ఉద్యోగాల కోసం రోడ్డెక్కారు, ప్రభుత్వం 50 వేల ఉద్యోగాలు ఇస్తానని చెప్పాల్సి వచ్చింది. 2021లో మళ్లీ రోడ్డెక్కారు. నిన్నటిదాకా చూసిన దేశంలో పౌరుడు ఉద్యోగం కోసం రోడ్డెక్కడం ఊహకందదు.

కారణం లెక్కల్లోనే ఉంది. యూఏఈ భూమి కింద దాదాపు 11 వేల కోట్ల బ్యారెళ్ల చమురు నిల్వ ఉంటే, ఒమన్‌కు ఉన్నది 500 కోట్ల బ్యారెళ్లు. అంటే ఇరవయ్యో వంతు. పైగా ఆ నూనెలో కొంత చిక్కటిది, రాళ్ల మధ్య ఇరుక్కున్నది. కొన్నిచోట్ల ఆవిరి పంపి కరిగించి తీయాలి, ఖర్చెక్కువ. ఇటు చూస్తే పౌరులు ముప్పై లక్షలు, యూఏఈకి మూడింతలు. తక్కువ నూనె, ఎక్కువ నోళ్లు. అందుకని ఒమానీ తన బస్సు తానే నడుపుకోవాలి, తన బ్యాంకులో తానే కూర్చోవాలి. నా ప్రశ్నకు సగం జవాబు ఆ బస్సు కిటికీ దగ్గరే దొరికింది.

ఐదో రోజు, గురువారం: మస్కట్

తెల్లటి ఊరు. ఎత్తైన భవనాలు కట్టనివ్వరు. గోడలన్నీ తెలుపో మీగడ రంగో ఉండాలి. దుబాయ్‌లో మెడ నొప్పి పుట్టేలా పైకి చూశాను, ఇక్కడ భవనాల వెనక కొండలు కనిపించాయి.

సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కింది 1970 జూలై 23న. అప్పటికి దేశం మొత్తమ్మీద మూడే బడులు, తారు రోడ్డు పది కిలోమీటర్లు. రాత్రయితే మస్కట్ కోట తలుపులు మూసేవాళ్లు. యాభై ఏళ్లు ఏలి 2020 జనవరిలో ఆయన పోయేనాటికి ఈ దేశపు ముఖమే వేరు. బాపు వెళ్లిన 1983 అంటే బడులు, ఆస్పత్రులు, రోడ్లు అన్నీ ఒక్కసారి లేస్తున్న కాలం. మనవాళ్ల చేతుల మీదుగానే లేచాయి. బాపుకు నెలకు 60 రియాళ్లు. అప్పుడు రియాల్ దాదాపు ముప్పై రూపాయలు, ఇప్పుడు రెండొందలు దాటింది.

టాక్సీ ఎక్కాం. ఇక్కడ టాక్సీలు నడిపేది ఒమానీలే. ఆయనకు యాభై ఐదేళ్లుంటాయి, బలూచీ కుటుంబం, హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. మా బాపు ఇక్కడ పనిచేశాడని చెప్పగానే మీటర్ సంగతి మరిచి వెనక్కి తిరిగాడు.

"అయితే నువ్వు మా ఇంటి ఆడపిల్లవే బెహన్. మా ఇల్లు కట్టింది కూడా మీ హైదరాబాద్ వైపు మేస్త్రీలే."

తర్వాత తన గోడు చెప్పుకున్నాడు. పెద్దకొడుకు డిగ్రీ చదివి మూడేళ్లుగా ఖాళీ. ప్రైవేటులో ఒమానీకి కనీస జీతం 325 రియాళ్లు, దానికి కూడా పోటీయే. 2021లో అయిదు శాతం వ్యాట్ వచ్చింది. 2028 నుంచి పెద్ద ఆదాయాల మీద ఆదాయపు పన్ను కూడా వస్తోంది, గల్ఫ్ దేశాల్లో ఇదే మొదటిసారి. "దుబాయ్ వాళ్లు అదృష్టవంతులు," అన్నాడు. కాసేపాగి, "కానీ వాళ్ల ఊళ్లో వాళ్లే చుట్టాల్లా ఉంటారు" అన్నాడు. 2024 నుంచి అరవై దాటిన ప్రతి ఒమానీకి నెలకు 115 రియాళ్లు, పద్దెనిమిది లోపు ప్రతి పిల్లకూ 10 రియాళ్లు ఇస్తున్నారని, తన తల్లి ఆ డబ్బు అందిన రోజు మనవలకు హల్వా కొంటుందని చెప్పాడు.

ఇక్కడితో ఒమన్‌ను నెత్తిన పెట్టుకుని రాద్దామనుకున్నాను. కానీ దార్సయిత్‌లోని కృష్ణ మందిరంలో కోనసీమ ఆడమనిషి కలిసింది. నాకంటే చిన్నదే. ఇంటి పనికని వచ్చి ఏడాదిన్నర. చేతివేళ్ల సందులు బ్లీచింగ్‌కు పుండ్లు పడి ఉన్నాయి. పాస్‌పోర్టు యజమానురాలి దగ్గరే ఉందట. అలా పెట్టుకోకూడదు, కానీ అడిగే ధైర్యం ఎక్కడిది?

"సెలవా అక్కా? నెలకోసారి గుడికి పంపుతారండీ. అది కూడా పాప నిద్రపోతేనే."

ఒమన్ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లకు వర్తించదు. యూఏఈలో 2017లోనే వాళ్లకోసం వేరే చట్టం వచ్చింది. జీతం బ్యాంకులో వేయాలన్న నియమం కూడా యూఏఈలో 2009 నుంచే ఉంది. మా తమ్ముడికి జీతం పడగానే మెసేజ్ వస్తుంది, నిరుద్యోగ బీమాకు నెలకు అయిదు దిర్హంలు పోతాయి. సంఘం పెట్టుకునే హక్కు వాడికి లేదు. ఒమన్‌లో 2006 నుంచి కార్మిక సంఘాలకు అనుమతి ఉంది. 2021 జనవరి నుంచి ఒప్పందం ముగిసినవాళ్లు పాత యజమాని ఒప్పుకోలు లేకుండానే పని మారొచ్చు. కానీ ఆ తలుపు వెనకున్న అమ్మాయికి ఇవేవీ అందలేదు. ఇండియన్ ఎంబసీ నంబరు కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని మడిచి మడిచి గోరంత చేసి తాళి పక్కన పిన్నీసుకు గుచ్చుకుంది.

ఆ రాత్రి నిజ్వా వెళ్లే దారిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆరో రోజు, శుక్రవారం: నిజ్వా, బిర్కత్ అల్ మౌజ్

పొద్దున ఆరున్నరకల్లా మేకల అంగడి. ప్రతి శుక్రవారం కోట పక్కనే జరుగుతుంది. మధ్యలో చిన్న కప్పు, దాని చుట్టూ గుండ్రంగా దారి. అమ్మేవాళ్లు మేకను తాడుతో పట్టుకుని గిరగిరా తిరుగుతూ ధర అరుస్తారు. కొనేవాళ్లు రెండు పక్కలా కూర్చుని, ముందునుంచి పోతున్న మేకను ఆపి, పళ్లు చూస్తారు, పొదుగు నొక్కుతారు, వెన్ను తడుముతారు. ముఖానికి బురఖా కట్టిన, ఎడారి సంచార తెగల బెదూ ఆడవాళ్లు అందరికంటే గట్టిగా బేరమాడుతున్నారు. ఒక ముసలామె తెచ్చిన నల్లమేక మూడుసార్లు తిరిగి వచ్చింది. నాలుగోసారి ఆమె అడిగిన ధరకే పోయింది. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, మేక చెవి దగ్గర ఏదో చెప్పి, తాడు వదిలింది. మా అంగడిలో మా నాయనమ్మ అచ్చం ఇలాగే చేసేది.

సంపద లెక్కలో యూఏఈ మనిషి తలసరి ఆదాయం ఒమన్‌లో కంటే రెండు రెట్లకు పైగా ఎక్కువ. రోడ్లు, ఆస్పత్రులు, మెట్రో, ఏది చూసినా అదే ముందు. వారాంతపు సెలవు కూడా 2022లో శని, ఆదివారాలకు మార్చుకుంది, ప్రపంచ మార్కెట్లతో కలిసి నడవాలని. ఒమన్‌లో ఇంకా శుక్ర, శనివారాలే. అయినా ఈ అంగడిలో అమ్మేవాడూ కొనేవాడూ మోసేవాడూ ఒకే నేలవాళ్లు కావడం నన్ను కట్టిపడేసింది. వలస వచ్చినవాడికి మనిషిగా పలకరింపు దొరకాలంటే పలకరించే ఊరివాడు పక్కన పనిచేస్తూ ఉండాలి. బాపుకు ఆ అదృష్టం దక్కింది. అక్కడ అంత డబ్బు ఉండి కూడా మా తమ్ముడికి దక్కలేదు.

పది గంటలకు బిర్కత్ అల్ మౌజ్ చేరాం. బాపు "బర్కత్‌మోజ్" అనేవాడు. అరటి కొలను అని ఆ పేరుకు అర్థం. ఇక్కడే ఒక బడి ప్రహరీ కట్టానని చెప్పేవాడు. సెలవు కాబట్టి బడి గేటుకు తాళం. గోడకు కొత్త ప్లాస్టరింగ్, తెల్ల సున్నం. ఇదే బడో కాదో తెలియదు. బాపుకు వీడియో కాల్ చేశాను. కళ్లజోడు కోసం వెతుక్కుని, ఫోన్ ముఖం దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గోడ గుర్తువడ్తలేదు బిడ్డా. అప్పటి గోడలు ఇంకా ఉంటయా? నీళ్లు ఉన్నయా చూడు. అవతల మూడు పాయలు పోవాలె."

ఖత్మైన్ ఫలజ్ కోట పక్కనే పారుతోంది. యునెస్కో 2006లో గుర్తించిన అయిదు ఫలజ్‌లలో ఇదొకటి. కొండలోంచి వచ్చిన కాలువ ఒకచోట మూడు సమాన పాయలుగా చీలుతుంది. చీలే చోట రాళ్లు ఎంత నేర్పుగా పేర్చారంటే ఏ పాయకూ చుక్క ఎక్కువ పోదు. ఈ నీళ్ల పంపకం గంటల లెక్కన. పగలు నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతులు కట్టేవాళ్లు. వంతుల పుస్తకం రాసే మనిషి ఇప్పటికీ ఉన్నాడు. నేను చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని ఫోన్ నీళ్ల వైపు తిప్పాను. వేలంత చేపలు పాచి మీద ఆగి ఆగి కదులుతున్నాయి.

బాపు ఏమీ అనలేదు. కాసేపటికి మెల్లగా చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండుకు పని ఆపి ఈ గట్టుమీదే సద్ది తినేవాళ్లట. మొదటిరోజు కాళ్లు కడుక్కోబోతే ఒక ముసలాయన పరుగెత్తుకొచ్చాడట. కొడతాడేమోనని అందరూ లేచారు. ఆయన చెయ్యిపట్టి ఇంకొంచెం కిందికి తీసుకుపోయి, పైది తాగే నీళ్లు, కిందిది కడుక్కునే నీళ్లు అని సైగలతో చూపించి, తన తువ్వాలు ఇచ్చాడు.

"పైననా, కిందనా నువ్వు కూసున్నది?" అన్నాడు బాపు.

నేను లేచి, చెప్పులు చేతబట్టుకుని, నాలుగడుగులు కిందికి జరిగి కూర్చున్నాను.